మాజ్దా 787బి: ఒక విజయము, మూడు వివాదములు

1991 జూన్ 23వ తేదీ సాయంకాలము నాలుగు గంటలకు ఫ్రాన్సు దేశమందలి లె మాన్‌లో ఇరువదినాలుగు గంటల మోటారు పందెము ముగియునప్పటికి, నారింజ, ఆకుపచ్చ రంగులు పూసిన 55వ నంబరు మాజ్దా 787బి కారు 362 ల్యాపులలో 4,922.81 కిలోమీటర్లు పరుగెత్తి, రెండవ స్థానమందలి జాగ్వారుకంటె రెండు ల్యాపులు ముందుండెను. జపాను దేశపు కారొకటి ఆ పందెమును గెలుచుట అదియే ప్రథమము. పైకి క్రిందికి ఆడు పిస్టను లేని ఇంజనుతో గెలుచుట కూడ అదియే ప్రథమము, నేటివరకు అదియే చరమము. ఇంతవరకు ఎవరికిని భేదాభిప్రాయము లేదు. ఇటుపైని ఏ వాక్యము వ్రాసినను దానిని ఖండించువారు సిద్ధముగా నున్నారు.

ఆ విజయము రోటరీ ఇంజను మహిమయే యని ఒక పక్షము. నియమావళి ప్రసాదించిన బరువు రాయితీకి ఫలమని మరియొక పక్షము. గెలిచినందులకు శిక్షగా పాలకమండలి రోటరీని పందెములనుండి బహిష్కరించెనని మూడవ పక్షము. మూడు పక్షములకును కావలసినంత సాహిత్యము పెరిగినది. అయితే ఇవి ఒకే ప్రశ్నకు మూడు సమాధానములు కావు. ఇంజను పరిమాణమును ఎట్లు లెక్కింపవలెననునది యంత్రశాస్త్రమునకు సంబంధించినది. ఏ కారు ఎంత బరువుండవలెననునది నియమావళికి సంబంధించినది. నిషేధమెప్పుడు నిర్ణయమయ్యెననునది కేవలము తేదీలకు సంబంధించినది. ఒకదానికి చెప్పవలసిన ఉత్తరమును మరియొకదానికి చెప్పుటచేతనే ఈ చర్చ మూడు దశాబ్దములకు మించి చిక్కువడి యున్నది. ఆ చిక్కులను విడివిడిగా పరిశీలించుటయే ఈ సమీక్షకు ఉద్దేశము.

యంత్రము యొక్క స్వభావము

జర్మను ఆవిష్కర్త ఫెలిక్స్ వాంకెల్ ఊహించిన ఇంజను ఎన్.ఎస్.యు. సంస్థలో 1957లో మొదట తిరిగెను. కాని లోకము స్వీకరించిన రూపము వాంకెల్ కోరిన రూపము కాదు. ఆయన నమూనాలో లోపలి రోటరుతో పాటు వెలుపలి కవచము కూడ తిరుగుచుండెను. అందువలన స్పార్కు ప్లగ్గు మార్చవలెనన్నను ఇంజనును విప్పవలసి వచ్చెడిది. అదే సంస్థలో పనిచేయుచున్న హాన్స్ డీటర్ పాష్కె కవచమును స్థిరముగా నిలిపి, రోటరును మాత్రమే త్రిప్పు సులభరూపమును కల్పించెను. వాంకెల్‌కు ఈ మార్పు రుచింపలేదు. తరువాత వచ్చిన రోటరీ కార్లన్నియు దానిపైననే నడచినవి.

ఆ రూపమును ఇట్లు ఊహింపవచ్చును. నడుము కొంచెము నొక్కుకొనిపోయిన అండాకారపు గది. అందులో ఉబ్బిన భుజములు గల మూడు మూలల రోటరు. ఆ రోటరు గదిలో ఒక చుట్టు తిరుగునంతలో దాని గర్భముననున్న షాఫ్టు మూడు చుట్లు తిరుగును. రోటరు యొక్క మూడు ముఖములకును గది గోడకును నడుమ ఏర్పడు మూడు ఖాళీలు పెరుగుచు తరుగుచు, ఒకటి గాలిని ఇంధనమును పీల్చుచుండగా వేరొకటి నొక్కి మండించుచు, మూడవది పొగను వెడలగొట్టుచుండును. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు, దిశ మార్చుకొనుటకై క్షణక్షణము ఆగి మరలు బరువైన భాగమేదియు లేదు. అందుచే ఇంజను చిన్నది, తేలికయైనది. అధిక వేగమునందును కంపము స్వల్పము.

గుణములతో పాటు దోషములు కూడ ఆ ఆకారమునుండియే పుట్టినవి. మండు గది పొడవుగా, పలుచగా నుండి నిరంతరము స్థలము మారుచుండుటచే జ్వాల దాని కొసలకు సరిగా చేరదు. గోడల వైశాల్యము హెచ్చగుటచే ఉష్ణము వృథాయగును. మండని ఇంధనము కొంత పొగతో పాటు వెలుపలికి పోవును. వీటికి తోడు, రోటరు మూడు మూలలయందును గోడను ఒరసికొనుచు పోవు సన్నని అపెక్స్ సీళ్ల బాధ యుండనే యున్నది. మాజ్దా సంస్థ 1961లో ఎన్.ఎస్.యు.తో ఒడంబడిక కుదుర్చుకొని ఈ ఇంజనును హిరోషిమాకు తెచ్చినప్పుడు, కెనిచి యమమోతో నాయకత్వమున నలుబదియేడుగురు ఇంజనీర్ల బృందము మొట్టమొదట ఎదుర్కొన్నది ఈ సీళ్ల సమస్యనే. కొన్ని గంటలు తిరిగినంతనే గది లోపలి గోడపై అలలవంటి గీతలు వరుసగా పడుచుండెను. వాటిని వారు పిశాచపు గోళ్ల గుర్తులని పిలిచిరి. సీలు గోడపై జారక, తన సహజ కంపముతో ఎగిరెగిరి పడుటయే దీనికి కారణమని తేలినది. కర్బనమున అల్యూమినియము చొప్పించి చేసిన సీళ్లతో సమస్యను తగుమాత్రము అణచి, 1967లో కాస్మో స్పోర్ట్ కారును విపణిలోనికి దింపిరి. అదే యేడు వచ్చిన ఎన్.ఎస్.యు. రో 80 కారు సీళ్ల అరుగుదలచే కొన్నవారికి బాధగాను, మరమ్మతుల భారముచే సంస్థకు అంతకుమించిన బాధగాను పరిణమించెను. సిట్రోయన్ సంస్థ రోటరీ కారు 1973లోని చమురు సంక్షోభముతో మొగ్గలోనే వాడిపోయెను. మెర్సిడెస్ సంస్థ సి111 పేర నాలుగు రోటర్ల కారును ప్రదర్శించినది గాని, దానిని పందెమునకు పంపలేదు. కాలక్రమమున ఈ ఇంజనును పట్టుకొని నిలిచిన పెద్ద సంస్థ మాజ్దాయొక్కటియే.

ఇరువది యేండ్ల పూర్వరంగము

1991 విజయమును అకస్మాత్తుగా కలిగిన అదృష్టముగా వర్ణించువారు దానికి పూర్వమున్న రెండు దశాబ్దములను మరచుచున్నారు. 1968లో జర్మనీయందు నూర్బుర్గ్‌రింగ్‌లో జరిగిన 84 గంటల పందెమునకు రెండు కాస్మో కార్లు పోయినవి. ఒకటి 82వ గంటలో చెడెను, రెండవది నాలుగవ స్థానమున ముగించెను. 1970లో ఒక బెల్జియను జట్టు షెవ్రాన్ కారులో మాజ్దా ఇంజనును అమర్చి లె మాన్‌కు తెచ్చెను. అది పూర్తి చేయలేదు. 1973లో జపాను సంస్థయగు సిగ్మా తెచ్చిన రోటరీ కారు మధ్యలోనే ఆగెను. మరుసటి యేడు మరల వచ్చి చివరివరకు తిరిగెను గాని, నిర్ణీత దూరమును పూరింపలేదని దానిని ఫలితములలో చేర్చరైరి. 1979లో ఆర్‌ఎక్స్-7 కారు అర్హతయే పొందలేదు. ఆ యేడు ఫిబ్రవరిలో అమెరికాయందలి డేటోనా 24 గంటల పందెమున అదే జాతి కారు తన తరగతిని గెలిచి, మొత్తముమీద అయిదవదిగా నిలిచియుండుట విశేషము. 1982లో 14వ స్థానము. 1983లో 717సి అను చిన్న ప్రోటోటైపుతో తరగతి విజయము, మొత్తముమీద 12వ స్థానము. 1987లో మూడు రోటర్ల 757తో 7వ స్థానము. 1989లో 767 జాతికి చెందిన నాలుగు రోటర్ల కార్లు మూడును గమ్యము చేరి 7, 9, 12 స్థానములను పొందినవి.

ఈ పట్టికను చూచి, మెట్టుమెట్టుగా ఎక్కిన సోపానమని మురియువారును కలరు. అదియు సరికాదు. 1986లో రెండు 757 కార్లును చెడిపోయినవి. 1990లో క్రొత్త 787 కార్లు రెండును చెడిపోగా, వెంట తెచ్చిన పాత 767బి 20వదిగా బ్రతికి బయటపడెను. అనగా విజయమునకు సరిగా ఒక్క సంవత్సరము ముందు, నైజెల్ స్ట్రౌడ్ రూపకల్పన చేసిన ఆ క్రొత్త కారును నమ్ముటకు ఏ ఆధారమును లేకుండెను.

ఆ ఒక్క సంవత్సరములో జరిగిన మార్పులు చూపునకు చిన్నవి. చక్రములు, సస్పెన్షను మారినవి; కర్బనపు బ్రేకులు వచ్చినవి. ఆర్26బి అను పేరు గల ఇంజను మాత్రము నిదానించి చూడదగినది. నాలుగు రోటర్లు, ఒక్కొక్క గది 654 సి.సి.; నిమిషమునకు 9,000 చుట్ల వద్ద 700 అశ్వశక్తి. జ్వాల గది కొసలకు చేరదను పాత దోషమునకు విరుగుడుగా ప్రతి రోటరునకు మూడేసి స్పార్కు ప్లగ్గులు పెట్టిరి. గాలి పీల్చు గొట్టములను ఒకదానిలో నొకటి జారునట్లు చేసి, ఇంజను వేగము పెరుగుకొలది వాటి పొడవు తగ్గునట్లు ఏర్పాటు చేసిరి. అందువలన తక్కువ వేగమునందలి ఊపును, హెచ్చు వేగమునందలి శక్తియు ఒకదానికొకటి శత్రువులు కాలేదు. అపెక్స్ సీళ్లు సిరామిక్‌వి. పందెము ముగిసిన పిదప ఈ ఇంజనును విప్పి చూపినప్పుడు లోపల అరుగుదల మిక్కిలి స్వల్పముగా నుండెనని ప్రసిద్ధి. కాస్మో కాలమునాటి గోళ్ల గుర్తులను తలచుకొన్నవారికి ఈ సంగతి విజయముకంటె గొప్పదిగా తోచినను ఆశ్చర్యము లేదు.

మొదటి వివాదము: ఇంజను పరిమాణమెంత?

పిస్టను ఇంజను పరిమాణమును లెక్కించుట సులభము: పిస్టను ఊడ్చు ఘనపరిమాణమును సిలిండర్ల సంఖ్యచే గుణించినచో చాలును. రోటరీ విషయమున ఈ సౌలభ్యము లేదు. ఇచ్చట మూడు మతములు కలవు.

తయారీదారుల మతము ప్రకారము ఒక రోటరునకు ఒక గదినే లెక్కింపవలెను. 654ను నాలుగుచే గుణింపగా 2,616 సి.సి. వచ్చును, పేరులోని 26 అను సంఖ్య ఇట్లు వచ్చినదే. దీనికి సమర్థనముగా, షాఫ్టు ఒక చుట్టు తిరుగునంతలో ఒక్కొక్క రోటరు ఒక గది ప్రమాణముననే మిశ్రమమును పీల్చునని వారందురు. ఆ మాట నిజమే. కాని నాలుగు స్ట్రోకుల పిస్టను ఇంజను తన పూర్తి పరిమాణమును పీల్చుటకు రెండు షాఫ్టు చుట్లు తీసికొనును. సమానముగా పోల్చదలచినచో రోటరీకి కూడ రెండు చుట్ల లెక్కయే వేయవలెనని రెండవ మతము. అప్పుడు ఆర్26బి 5,232 సి.సి. ఇంజనగును. మూడవ మతమువారు ఇంకను ముందునకు పోయి, రోటరు మూడు ముఖములు మూడు గదులు కావున అన్నియు పని పూర్తిచేయు మూడు షాఫ్టు చుట్లను లెక్కగొనవలెనందురు. వారి లెక్కకు అది 7,848 సి.సి. మూడవది యంత్రనిర్మాణమును వర్ణించుటకు పనికివచ్చును గాని పోలికకు పనికిరాదు. ఏలయనగా మూడు చుట్లలో పిస్టను ఇంజను కూడ తన పరిమాణముకంటె ఒకటిన్నర రెట్లు పీల్చియే యుండును.

అంతర్జాతీయ పాలకమండలియగు ఫీసా 1.8 అను గుణకమును వాడి ఆర్26బిని సుమారు 4.7 లీటర్ల ఇంజనుగా పరిగణించెను. యంత్రశాస్త్రము చెప్పు 2కును, తయారీదారు కోరు 1కిని నడుమ, 2కు దగ్గరగా పడిన రాజీ యిది. జపాను రహదారి పన్ను విషయమున ఇదే ఇంజను జాతికి 1.5 గుణకము వర్తించుచున్నది. దానివలన 1,308 సి.సి. గల ఆర్‌ఎక్స్-7 ఇంజను 1,962గా మారి, రెండు లీటర్ల పన్ను తరగతిని దాటక నిలిచినది. పన్ను వసూలు చేయు ప్రభుత్వమునకొక అంకె, పందెము నడుపు సంఘమునకొక అంకె, ప్రకటన వ్రాయు సంస్థకొక అంకె!

ఈ తగాదా మాజ్దాతోనే పుట్టలేదు, దానితోనే పోలేదు. 1992లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టి.టి. మోటారుసైకిలు పందెమును స్టీవ్ హిస్లాప్ నార్టన్ రోటరీపై గెలిచినప్పుడు, 588 సి.సి. అని చెప్పబడు ఆ ఇంజనును 750 సి.సి. యంత్రములతో పోల్చుట ధర్మమా యను ప్రశ్నయే లేచెను. రెండు చుట్ల లెక్క ప్రకారము నార్టన్ 1,176 సి.సి. యగును గదా.

అయితే లె మాన్ విషయమున ఈ వివాదమునకు కల ప్రాముఖ్యమును పెంచి చెప్పుట పరిపాటియైనది. లీటరునకు 268 అశ్వశక్తి యని ఒక పక్షము గర్వించుటయు, రెండు చుట్ల లెక్కలో అది 134 మాత్రమే యని మరియొక పక్షము తగ్గించుటయు వినుటకు బాగుండును. కాని 1991 నాటి ఆ తరగతిలో ఇంజను పరిమాణమునకు పరిమితియే లేదు, జాగ్వారు 7.4 లీటర్ల పండ్రెండు సిలిండర్ల ఇంజనుతో వచ్చెను. అందరిని బంధించినది ఇంధనపు పరిమితి: పందెమంతటికిని 2,550 లీటర్లు. కావున ఆర్26బిని రెండున్నర లీటర్లనినను అయిదు లీటర్లనినను ఆనాటి ఫలితము రవ్వంతయు మారదు.

రెండవ వివాదము: బరువు

ఫలితమును మార్చగలది బరువు. ఇచ్చటనే విమర్శకులకు బలము కలదు. దానిని దాచిపెట్టుట మాజ్దా అభిమానులకు శోభనీయము కాదు.

1991లో ప్రపంచ స్పోర్ట్స్ కార్ చాంపియన్‌షిప్పు నియమములు 3.5 లీటర్ల క్రొత్త ఇంజన్లకు అనుకూలముగా మారినవి. ఆ కార్లు తగినన్ని సిద్ధము కాకపోవుటచే పాత తరగతి కార్లను కూడ అనుమతించి, అవి క్రొత్తవానిని మించకుండుటకై వాటిపై బరువు మోపిరి. మెర్సిడెస్ సి11, జాగ్వార్ ఎక్స్‌జెఆర్-12 కార్లకు కనీసపు బరువు 1,000 కిలోలు. మాజ్దాకు 830 కిలోలు. ఈ 170 కిలోల భేదము మాజ్దా పందెపు జట్టయిన మాజ్దాస్పీడ్ సంచాలకుడు తకయోషి ఓహాషి అమెరికాయందలి ఇమ్సా అను పందెముల సంఘపు నియమములలో రోటరీ కార్లకున్న బరువును ఆధారముగా చూపి ఫీసా వద్ద సాధించినది. అంతకుముందెన్నడును ప్రథమ శ్రేణిలో గెలువని జట్టు కోరిన కోరిక గనుక ప్రత్యర్థులు గట్టిగా అడ్డుపడలేదు. పందెము ముగిసిన పిదపనే ఆ సంఖ్య ప్రాముఖ్యము అందరికిని తెలిసివచ్చెను.

తేలిక కారునకు కలుగు లాభము ఒక్క వేగమునందే కాదు. ప్రతి మలుపు దాటిన పిదప మరల వేగమందుకొనుటకు తక్కువ ఇంధనము చాలును. బ్రేకులు, టైర్లు తక్కువగా అరుగును. పిట్టులో గడుపు కాలము తగ్గును. ఇంధనము లెక్కగట్టి యిచ్చు పందెమున ఈ లాభములు 24 గంటలు కూడుకొనుచు పోవును. రోటరీ ఇంధనమును ఎక్కువ త్రాగునను అపవాదు సత్యమే. ఆ లోటును పూరించుటకు పెద్ద సహాయము చేసినది తక్కువ బరువే యనుట నిర్వివాదము. 13.6 కిలోమీటర్ల ఆ దారిలో సుదీర్ఘమైన తిన్నని రహదారిపై 1990లో రెండు వంకర మలుపులు చేర్చిరి. ఆగి మరల పరుగెత్తవలసిన చోట్లు పెరుగుట కూడ తేలిక కారుకే అనుకూలించెను.

అయినను బరువొక్కటియే గెలిపించెనని చెప్పుటకు పందెపు వృత్తాంతము ఒప్పదు. అర్హత పరుగులో 55వ నంబరు కారు 12వ కాలమును సాధించెను, 3.5 లీటర్ల కార్లకు ముందు వరుసలు కేటాయించుటచే అది 19వ స్థానమునుండి బయలుదేరవలసి వచ్చెను. ఫోల్కర్ వైడ్లర్, జానీ హెర్బర్ట్, బెర్ట్రాండ్ గాషో ముగ్గురును ఫార్ములా పందెములలో పెరిగినవారు. చిన్న పందెమున పరుగెత్తినట్లు మొదటినుండియు వేగముగా నడుపుటయే జట్టు యుక్తి. ఆరు పర్యాయములు లె మాన్ గెలిచిన జాకీ ఇక్స్ వారికి సలహాదారు. 7.4 లీటర్ల ఇంజనుతో, వేయి కిలోల బరువుతో జాగ్వార్లు ఇంధనమును పొదుపు చేసికొనుచు వెనుకబడినవి. పెజో 905లు తొలి గంటలలోనే చెడినవి. మెర్సిడెస్‌లలో ఒకదానిలో యువకుడైన మైకేల్ షూమాకర్ ఆ పందెమున కెల్ల వేగమైన ల్యాపును తిరిగెను గాని, ఆ కారునకు అయిదవ స్థానమే దక్కెను.

అసలు ఆదివారము మధ్యాహ్నమువరకు పందెము మాజ్దాది కానే కాదు. ష్లెస్సర్, మాస్, ఫెర్టేలు నడిపిన 1వ నంబరు మెర్సిడెస్ కొన్ని ల్యాపుల ముందంజలో నుండెను. ఒంటిగంట ప్రాంతమున అది పిట్టులోనికి వచ్చి మరల కదలలేదు. బెల్టుతో నడచు నీటిపంపునకు సంబంధించిన ఒక చిన్న బ్రాకెట్టు విరుగుటచే నీరు తిరుగుట నిలిచి ఇంజను కాగిపోయెను. కోట్ల వ్యయముతో నిర్మించిన కారును ఒక బ్రాకెట్టు కూల్చెననుట చరిత్రకారులకు ఇంపైన వాక్యమే. అయితే అదే సమయమున రెండవ స్థానమున మాజ్దా ఉండుట యాదృచ్ఛికము కాదు. జాగ్వారుకంటె ముందుగా, ఇంధనము మిగుల్చుకొని, చెడిపోకుండ 21 గంటలు నడచియుండుటచేతనే ఆ యదృష్టము దానికి దక్కెను. మిగిలిన మాజ్దాలు రెండును 6, 8 స్థానములలో ముగించుట గూడ ఈ సందర్భమున గణింపదగినది. చివరి పరుగును విరామము లేక తానే నడిపిన హెర్బర్ట్ దాహముచే సొమ్మసిల్లి విజయవేదికను ఎక్కలేకపోయెను. ఇరువురు సహచరులే ఎక్కిరి.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్నచో, బరువు రాయితీ లేనిచో మాజ్దా గెలిచెడిది కాదనుట మిక్కిలి సంభావ్యము. రాయితీ మాత్రమే యున్నను గెలిచెడిది కాదనుట నిశ్చయము. 1990లో కూడ రోటరీ కార్లు తేలికయైనవే. కాని క్రొత్త 787లు గమ్యము చేరలేదు. 1991లోనే ప్రపంచ చాంపియన్‌షిప్పునందలి ఇతర పందెములలో, దూరము తక్కువయైనచోట్ల, ఇదే 830 కిలోల కారు విజయమునకు చేరువకైనను రాలేదు. దీర్ఘ పందెమునకు తగిన ఓర్పు గల ఇంజనునకు తక్కువ బరువు తోడైనప్పుడే ఫలితము వచ్చెను.

మూడవ వివాదము: నిషేధము

రోటరీ గెలిచెను, అందువలన రోటరీని నిషేధించిరి: ఈ కథ అయిదు పదములలో ముగియును గనుకనే వ్యాపించెను. ఆసియా సంస్థ గెలుపును ఐరోపా సహింపలేదను భావావేశము దీనికి తోడయ్యెను. తేదీలను వరుసగా పెట్టినచో ఈ రూపమున కథ నిలువదు.

స్పోర్ట్స్ కార్లకు ఫార్ములా వన్ తరహాలో 3.5 లీటర్ల పిస్టను ఇంజను విధించు నిర్ణయము 1991 జూన్‌కు చాల పూర్వమే వెలువడెను. ఆ ప్రకారము రోటరీకి 1990యే చివరి సంవత్సరము కావలసియుండెను. క్రొత్త కార్ల కొరతచే పాత తరగతికి మరియొక యేడు గడువు పెరిగినది. మాజ్దా 1991లో వచ్చినదే ఆ పొడిగించిన గడువులో. కావున గెలిచినందులకు నిషేధించిరనుటకంటె, నిషేధము వాయిదాపడుటచే గెలిచెననుట సత్యమునకు చేరువ. నియమము తాకినది రోటరీనొక్కదానినే కాదు. జాగ్వారు పండ్రెండు సిలిండర్ల ఇంజను, మెర్సిడెస్ టర్బో ఇంజను కూడ దానితోనే తెరమరుగైనవి. 1992లో మాజ్దాయే జాగ్వారు ఎక్స్‌జెఆర్-14 నమూనాపై నిర్మించిన ఎమ్‌ఎక్స్‌ఆర్-01 కారులో పది సిలిండర్ల జడ్ ఇంజనును పెట్టి లె మాన్‌లో నాలుగవ స్థానమును పొందెను.

అయినను బహిష్కారవాదులను పూర్తిగా త్రోసిపుచ్చుట తొందరపాటగును. వారి చేతిలో ఒక బలమైన అస్త్రము మిగిలియున్నది. 1992, 1993 సంవత్సరములలో లె మాన్ మైదానము నింపుటకు పాత టర్బో పోర్షె 962లు మరల వచ్చినవి. నాలుగు రోటర్ల ప్రోటోటైపు మాత్రము రాలేదు. తలుపు తెరచి యుండినను మాజ్దా రాలేదా, తలుపే మూసిరా యనుటలో ఏకాభిప్రాయము లేదు. జపాను ఆర్థిక మాంద్యముచే 1992 చివర మాజ్దా ఆ స్థాయి పందెములనుండి తప్పుకొనుటయు, అదే యేడు ఆ చాంపియన్‌షిప్పే కూలిపోవుటయు ఈ ప్రశ్నను మరింత మసకబరచినవి. ఇక శాశ్వత బహిష్కారమను మాట అసత్యమే: 1994లో ఆర్‌ఎక్స్-7 లె మాన్‌లో 15వదిగా ముగించెను, 1995లో మూడు రోటర్ల ఇంజను గల కుడ్జు కారు 7వ స్థానమును పొందెను. ఈ రెండింటిని నడిపినవారిలో 1974 నుండియు రోటరీతో ఆ పందెమునకు వచ్చుచున్న యోజిరో తెరాద కలడు.

పక్షముల తారతమ్యము

యంత్రవాదులు ఆర్26బి యొక్క ఓర్పును, మూడు ప్లగ్గుల, జారు గొట్టముల నైపుణ్యమును చూపుదురు. వారి పక్షము ఇంజను ఏల చెడలేదో చక్కగా వివరించును, ఏల ముందుండెనో వివరింపదు. నియమవాదులు 170 కిలోలను చూపుదురు. వారి పక్షము వేగమును, ఇంధనమును వివరించును, 1990 వైఫల్యమును వివరింపదు. బహిష్కారవాదులు 1992 ఖాళీని చూపుదురు. ఆ ఖాళీ నిజమే గాని, దానికి వారు చెప్పు కారణము కాలక్రమమునకు విరుద్ధము. మూడింటిలో మొదటి రెండును పరస్పర పూరకములు. వాటిని ప్రత్యర్థులుగా నిలిపి వ్రాయుట పత్రికల అలవాటేగాని విషయమునకు అవసరము కాదు. జనులలో అన్నింటికంటె ఎక్కువ వ్యాపించిన మూడవ పక్షమే ఆధారములలో అన్నింటికంటె బలహీనము.

తేలని అంశములు

రోటరీ మరికొన్ని యేండ్లు ప్రథమ శ్రేణిలో కొనసాగియుండినచో ఏమగునను ప్రశ్నకు ఉత్తరము లేదు. ఆర్26బి తన ఎదుగుదల మధ్యలో ఆగిన ఇంజను. పిస్టను ఇంజనునకు శతాబ్దకాలముగా లభించిన పరిశోధనలో అల్పాంశమైనను రోటరీకి లభింపలేదని దాని పక్షమువారు చెప్పునది సమంజసమే. మండు గది ఆకారము మారనంతవరకు ఎంత పరిశోధించినను పొగ, ఇంధనముల బాధ తప్పదని ప్రతిపక్షము చెప్పునదియు సమంజసమే. రహదారి చరిత్ర రెండవదానినే బలపరచినట్లున్నది: పొగ బయటికి పోవు మార్గమును ప్రక్క గోడకు మార్చి మండని ఇంధనమును తగ్గించిన ఆర్‌ఎక్స్-8 కూడ 2012లో ఆగిపోయెను. 2023లో ఎమ్‌ఎక్స్-30 కారులో 830 సి.సి. గల ఒకే రోటరుతో ఇంజను మరల కనబడెను గాని, అది చక్రములను త్రిప్పదు. బ్యాటరీకై విద్యుత్తును పుట్టించును.

గుణకపు వివాదము మాత్రము తీరకయే అప్రస్తుతమైనది. నేడు లె మాన్ ప్రథమ శ్రేణియగు హైపర్‌కార్ తరగతిలో గదుల సంఖ్యను, సిలిండర్ల సంఖ్యను లెక్కించువారు లేరు. చక్రములకు పోవు షాఫ్టులపై శక్తిని నేరుగా కొలచి, ఏ కారు ఎంత శక్తి వాడవలెనో, ఎంత బరువుండవలెనో కారు కారునకు వేరువేరుగా నిర్ణయించుచున్నారు. 1991లో ఒక జట్టు మాత్రమే అడిగి పొందిన ప్రత్యేక బరువు ఇట్లు అందరికిని వర్తించు సాధారణ విధానమైనది. ఆ విధానము క్రింద రోటరీతో రాదలచిన సంస్థ 1.8 యను అంకెను గూర్చి వాదింప నక్కరలేదు. అయినను ఆ తరగతికి ఏ సంస్థయు ఇంతవరకు రోటరీని తేలేదు.